జీస్ బెండ్ బొంతలు

బొంతకు మూడు పొరలు. కంటికి కనిపించే పైపొర, వెచ్చదనాన్నిచ్చే నడిమి పొర, ఒంటిని తాకే అడుగు పొర. మూడూ జారిపోకుండా పట్టి ఉంచేది ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచే కుట్టు. తెలుగు ఇళ్లలో నడిమి పొర కోసం వేరే దూది వెతకరు. కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలు మూడో నాలుగో ఒకదానిమీద ఒకటి పరిచి, చిరుగులున్నవి లోపలికి, గట్టిగా ఉన్నది పైకి వచ్చేలా సర్ది, పొడుగు టాకాలు వేసుకుంటూ పోతారు. చంటిబిడ్డ కింద పరిచినా, చలికాలంలో ముసలివాళ్లకు కప్పినా ఆ మెత్తదనం కొత్త గుడ్డకు రాదు. అమెరికాలో క్విల్ట్ అనే బొంతకు పని ఇంకాస్త ఎక్కువ. అక్కడ పైపొరను ముక్కా ముక్కా కలిపి ముందే కుట్టి పెట్టుకుంటారు. దూదీ, అడుగు గుడ్డా చేరేది ఆ తరవాతే. ఏ రంగు పక్కన ఏ రంగు, ఏ ముక్క ఎంత పొడుగు, వరస ఎక్కడ తప్పించాలి అన్న ఆలోచనంతా ఆ పైపొరలోనే తెలుస్తుంది.

బొంతలు కుట్టే ఇంట్లో గుడ్డముక్కల మూట ఒకటి తప్పకుండా ఉంటుంది. ఒక బొంతకు కత్తిరించగా మిగిలినవన్నీ అందులోకి వెళతాయి. మరో బొంతకు గుడ్డ కావలసినప్పుడు ముందు చెయ్యి వెళ్లేది ఆ మూటలోకే. అలా కిందటి పని మిగిల్చినదాన్ని బట్టి రాబోయే పని రూపం కొంత ముందే తేలిపోతుంది. ఎరుపు కావలసినంత ఉండదు, ఉన్న కాస్త ఎరుపును ఎక్కడ పెడితే బాగా పలుకుతుందో చూసుకోవాలి. బొంత కుట్టేవాళ్ల సృజన చాలావరకు ఈ కొరతలోనే తయారవుతుంది. కొరత తీరిన తరవాత కూడా ఆ చూపు పోదు. ఈ సంగతిని అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే చిన్న ఊరు చూపినంత స్పష్టంగా మరో ఊరు చూపలేదు.

జీస్ బెండ్ విల్కాక్స్ కౌంటీలో ఉంది. అలబామా నది మెలిక తిరిగి మూడు వైపులా చుట్టేయడంతో ఊరు దాదాపు లంక. 1816లో జోసెఫ్ జీ అనే భూస్వామి ఉత్తర కరోలినా నుంచి బానిసలను తీసుకొచ్చి ఇక్కడ పత్తి సాగు మొదలుపెట్టాడు. 1840లలో ఆ భూమి పెట్‌వే అనే మరో యజమానికి దక్కింది. బానిసలకు యజమాని ఇంటిపేరే స్థిరపడింది. ఊళ్లో ఇవాళ్టికీ ఎక్కువగా వినబడే ఇంటిపేరు పెట్‌వే. బానిసత్వం రద్దయ్యాక వాళ్లు అదే భూమికి కౌలుదార్లయ్యారు, పంట పంటకూ అప్పుల్లో కూరుకుపోయారు. 1932లో అప్పులిచ్చిన వ్యాపారి చనిపోతే అతని కుటుంబం బాకీల కింద పశువులు, బళ్లు, పనిముట్లు, దాచుకున్న తిండిగింజలతో సహా ఊడ్చుకుపోయింది. ఆ చలికాలం ఊరంతా ఆకలితో గడిపింది. తరవాత ఫెడరల్ ప్రభుత్వం కలగజేసుకుని ఆ భూమి కొని, ఇళ్లు కట్టించి, సులువైన అప్పుల మీద వాళ్లకే అమ్మింది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి రైతులు బతుకుతెరువు కోసం చెదిరిపోతున్న రోజుల్లో జీస్ బెండ్ కుటుంబాలు చాలావరకు కదలకుండా నిలిచాయంటే ఈ భూమి హక్కే కారణం. తల్లి నుంచి కూతురికి, మేనత్త నుంచి మేనకోడలికి కుట్టు అందుతూ రావడానికి కూడా అదే పునాది. బొంతల గురించి రాసేవాళ్లు రంగుల దగ్గరే ఆగిపోయి దీన్ని తరచు మరిచిపోతారు.

1937లో ప్రభుత్వం తరఫున ఫొటోలు తీయడానికి ఆర్థర్ రోత్‌స్టీన్ ఈ ఊరికి వచ్చాడు. ఆయన తీసిన చిత్రాల్లో దుంగల ఇళ్లు, సందుల్లోంచి చలిగాలి రాకుండా గోడలకు అతికించిన పాత పత్రికల కాగితాలు కనిపిస్తాయి. ఒక చిత్రంలో జొరీనా పెట్‌వే అనే ఆవిడ ఇద్దరు ఆడపిల్లలను పక్కన పెట్టుకుని బొంత ముందు కూర్చుని ఉంది. అలాంటి ఇంట్లో బొంత అలంకారం కాదు. ఒక్కో మంచం మీద ఎన్ని పడితే అంత వెచ్చదనం.

గుడ్డ ఎక్కడిది? చాలావరకు పొలంలో వేసుకున్న బట్టలే. ఓవరాల్స్, చొక్కాలు, గౌన్లు, వాటితో పాటు పిండి సంచులు, ఎరువు సంచులు. ఏళ్ల తరబడి ఎండలో వెలిసిన డెనిమ్ ప్యాంటు జేబు విప్పితే, దాని కింద దాగిన గుడ్డ ముదురు నీలంగానే ఉంటుంది. మోకాలి దగ్గర అరిగిన చోట తెల్లబడి ఉంటుంది. బొంత కుట్టే మనిషికి ఇవి రెండూ రెండు రంగులు. అద్దకం లేకుండానే ఒక్క ప్యాంటులో నాలుగు నీలాలు దొరుకుతాయి. పనిబట్టలతో కుట్టిన జీస్ బెండ్ బొంతల్లో ఈ జేబు ఆనవాళ్లు, మాసికలు, మోకాలి చారలు దాచకుండా కనిపిస్తాయి, వాటి బలంతోనే పైపొర నిలుస్తుంది. నడిమి పొరకు జిన్నింగ్ మిల్లు నేల ఊడిస్తే వచ్చిన పత్తిని తెచ్చి, కర్రలతో కొట్టి పలచగా పరిచేవాళ్లు.

వీళ్లకు కుట్టు గది అంటూ వేరే లేదు. పగలు పొలం, సాయంత్రం వంట, పిల్లలు. అవన్నీ తీరాక దీపం దగ్గర పైపొర పని సాగేది. అది ఒంటరి పని. ముక్కలను మంచం మీదో నేల మీదో పరిచి, కాస్త వెనక్కి జరిగి చూసి, మార్చి, మళ్లీ చూసేవాళ్లు. ఈనాడు వసతి గల బొంత కళాకారులు గది గోడకు ఫ్లానెల్ గుడ్డ బిగించి, ముక్కలను సూదులు లేకుండా దానికి అంటించి దూరం నుంచి చూస్తారు. సదుపాయం మారింది కాని అవసరం అదే. ముక్క చేతిలో ఉన్నప్పుడు ఒక రంగు, పది అడుగుల దూరంలో పొరుగు ముక్కల మధ్య మరో రంగు. గది ఉన్నా లేకపోయినా పరిచి చూసుకోవడానికి చోటూ, మళ్లీ మార్చే ఓపికా ఉంటే చాలు.

పైపొర సిద్ధమయ్యాక పని ఒంటరిది కాకుండా పోతుంది. చట్రానికి మూడు పొరలూ బిగించి ఇరుగుపొరుగు ఆడవాళ్లు చుట్టూ కూర్చుని కుట్టేవాళ్లు. పాడుకుంటూ, ప్రార్థన చేసుకుంటూ, పిల్లలు చట్రం కింద ఆడుకుంటుండగా ఆ కుట్టు సాగేది. దక్షిణాది బొంతల్లో తరచు కనిపించే వంపు తిరిగిన కుట్టు వరసలకు కారణం మనిషి చెయ్యే. మోచెయ్యి ఒకచోట ఆనించి సూది నడిపితే అది వెళ్లేది వంపుగానే. తక్కెడకు, కొలబద్దకు లొంగని అందం చాలాసార్లు ఒళ్లు పనిచేసే తీరు నుంచే వస్తుంది.

నమూనాలకు వస్తే, ఇక్కడ అన్నిటికన్నా ఎక్కువమంది కుట్టింది హౌస్‌టాప్. మధ్యలో ఒక చతురస్రపు ముక్క పెట్టి, దాని నాలుగు వైపులా పీలికలు అతుకుతూ, వాటి చుట్టూ మళ్లీ పీలికలు అతుకుతూ బయటికి పెంచుకుంటూ పోవడం. వినడానికి ఇంతే. అయితే ప్రతి చుట్టులోనూ పీలిక వెడల్పు మార్చవచ్చు, రంగు అయిపోతే మధ్యలోనే మరో రంగు అతకవచ్చు, నడిమి చతురస్రాన్ని ఓ మూలకు నెట్టవచ్చు. మెట్లు మెట్లుగా పైకి లేచే బ్రిక్‌లేయర్, నిలువు పట్టీలతోనే సాగే లేజీ గాల్, ఏ పేరుకూ ఒదగక కుట్టినవాళ్ల ఇష్టంగా వచ్చినవి, అన్నిటిలోనూ ఇదే స్వేచ్ఛ. నియమం చాలా తేలిక, అందుకే దాన్ని మీరడానికి అంత చోటు. చిక్కు నమూనాలు అచ్చుగుద్దినట్టు రావాలంటే గుడ్డ అంతా ఒకే రకం కావాలి, కొలతలన్నీ కలవాలి. మూటలోంచి తీసిన గుడ్డ ఆ మాట వినదు. ఇక్కడి లూసీ మింగో వంటి వాళ్లు కొలతలు తప్పని నమూనాలూ నేర్పుగా కుట్టారు కాబట్టి, ఈ సడలింపు చేతకానితనం కాదు, ఎంచుకున్న దారి.

దీనికి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి నడిచే పద్ధతి మన దేశంలోనే ఉంది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు కవంది అనే బొంత కుడతారు. వాళ్లు అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ ముక్కలు చేరుస్తూ నడిమికి చేరతారు. ముక్కలు అతకడం, పొరలు కుట్టడం ఒకేసారి జరిగిపోతాయి. నాలుగు మూలలా మడిచిన గుడ్డతో పూలు పెట్టనిదే ఆ బొంత పూర్తయినట్టు కాదు. ఒకే పాత గుడ్డ, ఒకే సూది. ఒకచోట పని నడిమి నుంచి బయటికి, మరోచోట బయటి నుంచి నడిమికి. పాత చీరలన్నీ ముందు పరిచేసి కుట్టు మొదలుపెట్టే తెలుగు బొంతకు ఈ రెండు చిక్కులూ లేవు. అక్కడి అందం టాకాల వరసలో, కుట్టు దారం రంగులో, పైకి తెచ్చిన అంచులో ఉంటుంది.

జీస్ బెండ్ బొంతల్లో మిస్సౌరీ పెట్‌వే 1942లో కుట్టినదాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. భర్త చనిపోయిన తరవాత ఆవిడ అతని పనిబట్టలన్నీ తీసి, వాటితోనే బొంత కుట్టి కప్పుకోవాలనుకుంది. కూతురు ఆర్లాంజియా చింపడంలో, సర్దడంలో సాయపడింది. ఆ సంగతి లోకానికి చెప్పింది కూడా ఆ కూతురే. నీలం, బూడిద, తెలుపు దిమ్మెలు, వెలిసిన అంచులు, మధ్య మధ్య కాస్త ఎరుపు. కథ తెలియకపోయినా ఆ పొందిక కంటికి ఆనుతుంది. తెలిశాక ఏ ముక్క ఎందుకు అక్కడ ఉందో మరో రకంగా అర్థమవుతుంది. మూటలో ఉన్నది వట్టి గుడ్డ కాదనడానికి దీనికి మించిన సాక్ష్యం అక్కర్లేదు.

1960లలో ఊరి బతుకు మరోసారి కుదుపుకు లోనైంది. జీస్ బెండ్ వాళ్లు నది దాటి కౌంటీ కేంద్రమైన కామ్‌డెన్‌కు ఓటర్లుగా నమోదు కావడానికి వెళ్లడం మొదలుపెట్టగానే, 1962లో రేవులో బల్లకట్టు ఆపేశారు. ఎదురుగా కనిపించే ఊరికి చుట్టు తిరిగి రోడ్డు మీద గంట ప్రయాణం. మళ్లీ బల్లకట్టు నడిచింది 2006లో. 1965లో మార్టిన్ లూథర్ కింగ్ ఈ ఊరికి వచ్చి మాట్లాడాడు. ఓటు అడిగినందుకు ఆ ప్రాంతంలో ఎందరో పనులూ ఇళ్లూ పోగొట్టుకున్నారు. ఈ పరిస్థితిలో ఫ్రాన్సిస్ వాల్టర్ అనే ఎపిస్కోపల్ మతాచార్యుడు దారి పక్కన దండేల మీద ఆరేసిన బొంతలు చూశాడు. వాటిని న్యూయార్క్‌లో వేలం వేయిస్తే డబ్బు వచ్చింది. ఆ ఊతంతో 1966లో చుట్టుపక్కల ఊళ్ల స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 1969లో సొంత కుట్టు కేంద్రం కట్టుకున్నారు. తమ చేతిపనికి తమ పేర జీతం తీసుకోవడం వాళ్లలో చాలామందికి అదే మొదలు.

జీతంతో పాటు కొత్త కట్టుబాట్లు వచ్చాయి. నగరాల పెద్ద దుకాణాలకు ఒక బొంతలా మరో బొంత ఉండాలి. కొలత తప్పకూడదు, కుట్టు వంకర పోకూడదు, రంగులు వాళ్లు చెప్పినవే. ఇళ్లలో ఇష్టం వచ్చినట్టు కుట్టే చేతులు కేంద్రంలో అచ్చుగుద్దినట్టు కుట్టడం నేర్చుకున్నాయి. ఈ మార్పును నష్టంగా మాత్రమే చూడడం సరికాదు. పత్తి ధర మీద ఆధారపడిన ఇంటికి నెలనెలా వచ్చే రాబడి చిన్న విషయం కాదు. 1972లో సియర్స్ సంస్థ కార్డురాయ్ దిండు గలీబుల పని ఈ సంఘానికి అప్పగించింది. బంగారు పసుపు, అవకాడో ఆకుపచ్చ, గోధుమ, చెర్రీ ఎరుపు. ఆ దశాబ్దపు అమెరికన్ ఇళ్ల రంగులవి. వేల గలీబులు కత్తిరిస్తే పక్కకు పడిన పీలికలు గుట్టలయ్యాయి. అవి ఇళ్లకు చేరాయి.

కార్డురాయ్ మందపు గుడ్డ, మీద చాళ్లు చాళ్లుగా గీతలు. చిన్న ముక్కలుగా కోస్తే అంచులు పీచు లేస్తాయి, సన్నని వంపులు కుట్టడానికి వీలుండదు. కాబట్టి దానితో కుట్టిన బొంతల్లో ఆకారాలు పెద్దవయ్యాయి, గీతలు నిబ్బరంగా సాగాయి. ఇంకో గుణం కూడా ఉంది. ఒకే ముక్కను నిలువుగా పెడితే ఒక మెరుపు, అడ్డంగా తిప్పితే మరో మెరుపు. ఒక్క ఆకుపచ్చే రెండుగా కనిపిస్తుంది. కొరతలో పెరిగిన కన్ను దీన్ని వెంటనే పట్టేసింది. 1970ల జీస్ బెండ్ బొంతల్లో ఉత్తమమైనవి కొన్ని ఈ మిగులు కార్డురాయ్‌తో పుట్టాయి. 1976లో యానీ మే యంగ్ పనిబట్టల డెనిమ్ మధ్యలో ఎరుపు, పసుపు చారల కార్డురాయ్ పట్టీలు పెట్టి కుట్టిన బొంత అందుకు గొప్ప ఉదాహరణ. పొలం మిగిల్చిన గుడ్డ, దుకాణం పని మిగిల్చిన గుడ్డ అందులో పక్కపక్కన నిలిచాయి. కొత్త నమూనా ఎవరూ నేర్పలేదు. కొత్త రకం మిగులు వచ్చింది, రూపం దాన్నిబట్టి మారింది. జీస్ బెండ్ చరిత్ర మొత్తంలో ఆలోచించదగ్గ ఘట్టం ఇదేననిపిస్తుంది.

2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలోనూ, ఆ తరవాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ ఈ బొంతల ప్రదర్శన జరిగింది. మంచం మీద మడతలు పడి ఉండే వస్తువు గోడమీద పూర్తిగా తెరుచుకుంది. విమర్శకులు వీటిని ఇరవయ్యో శతాబ్దపు నైరూప్య చిత్రకారుల పనితో పోల్చారు. ఆ పోలిక మర్యాదగా చేసిందే కాని, పూర్తిగా అతకదు. చిత్రకారుడికి ఎరుపు అయిపోతే ఇంకో ట్యూబు కొనుక్కుంటాడు. ఇక్కడ ఎరుపు అయిపోతే అయిపోయినట్టే, తరవాతి పట్టీ దాన్ని ఒప్పుకుని నడవాలి. ఆ ఒప్పుకోలు ఎలా జరిగిందో చూడడమే ఈ బొంతలను చూడడం. గోడమీద వేలాడేటప్పుడు అడుగు పొర కనబడదు, బరువు తెలియదు, అది కూడా లోటే.

ఈ పని అందరికీ సంబరమేమీ కాదు. ప్రదర్శనలో ఎంతో పేరొచ్చిన లొరెట్టా పెట్‌వే తనకు కుట్టడమంటే ఇష్టం లేదనీ, పిల్లలకు కప్పడానికి ఎవరూ ఇవ్వక కుట్టాననీ చెప్పింది. అయినా ఆవిడ నిలువు పట్టీల బొంతలో ఏ పట్టీ కదిపినా పొందిక చెడుతుంది. ఇష్టం లేని పనిలో కూడా కన్ను తన పని తాను చేసుకుపోతుంది. కళంటే ఆనందమే మూలమని నమ్మేవాళ్లు ఆవిడ మాట దగ్గర కాసేపు ఆగాలి. 2015లో ఆవిడకూ, మేరీ లీ బెండాల్ఫ్‌కూ, లూసీ మింగోకూ జాతీయ స్థాయిలో జానపద, సంప్రదాయ కళలకు ఇచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ దక్కింది.

ప్రదర్శన ప్రభావం ఊరి మీద కూడా పడింది. కుట్టు మానేసిన తరువాతి తరం స్త్రీలు తమ తల్లుల బొంతలు గోడల మీద చూసి మళ్లీ సూది పట్టారు. లూసియానా బెండాల్ఫ్ వాళ్లలో ఒకరు. 2005 నుంచి మేరీ లీ, లూసియానా కాలిఫోర్నియాలోని ఒక ముద్రణశాలలో అచ్చు చిత్రాలూ చేశారు. చిన్న బొంత కుట్టి, మెత్తని పూత పూసిన రాగిరేకు మీద దాన్ని ఒత్తి, ఆ గుడ్డ నేత, కుట్టు గీతలు కూడా కాగితం మీదికి వచ్చేలా చేసే పద్ధతి అది. కాగితం మీద పని చేయాలన్నా ముందు గుడ్డ కుట్టుకోవలసిందే.

డబ్బు సంగతి మాత్రం సాఫీగా నడవలేదు. 2006లో అమెరికా తపాలా శాఖ ఈ బొంతల మీద పది స్టాంపులు వేసింది. బొంత బొమ్మలు కప్పుల మీద, తివాచీల మీద అచ్చయ్యాయి. తమకు రావలసింది రాలేదని 2007లో కొందరు కళాకారులు కోర్టుకు వెళ్లారు, 2008లో రాజీ కుదిరింది. మంచం మీద కప్పుకునే వస్తువుకు ప్రతిరూప హక్కు అనేది ఒకటి ఉంటుందని ఊళ్లో అంతకుముందు ఎవరికీ ఆలోచించవలసిన పని పడలేదు. ఇప్పుడు పడింది.

ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ 2012లో మూతపడింది. అప్పటికే 2003లో ఊరి స్త్రీలు సొంతంగా మరో సంఘం పెట్టుకుని ఉన్నారు. 2021 నుంచి పలువురు ఎట్సీ అనే ఆన్‌లైన్ అంగడిలో ఎవరి దుకాణం వాళ్లు తెరుచుకుని, మధ్యవర్తి లేకుండా బొంతలు అమ్ముతున్నారు. వీళ్లలో కొందరికి ఇప్పుడు కుట్టు యంత్రాలున్నాయి, ఎంచి కొనుక్కున్న కొత్త గుడ్డ ఉంది. అయినా హౌస్‌టాప్ కుట్టేటప్పుడు రంగు మధ్యలో మార్చేస్తారు, పట్టీని వంకరగా వదిలేస్తారు, కత్తిరించగా మిగిలింది పక్కన పెడతారు. చలికాలం వెళ్లాక బొంతలన్నీ బయట దండేల మీద ఆరేసే పాత అలవాటును 2022 అక్టోబరు నుంచి ఏటా జరిగే పండుగగా మార్చారు. ఆ రోజు ఊరి ఇళ్ల ముందూ కంచెల మీదా బొంతలు పరుస్తారు, చూడ్డానికి వచ్చినవాళ్లకు కుట్టు నేర్పుతారు. అమ్మకానికి పెట్టిన బొంతల దగ్గర వాటిని కుట్టినవాళ్లే ఉంటారు, ధర వాళ్లే చెబుతారు.